బరంపురంలో త్యాగరాజ ఆరాధన: పంచరత్నాలు ఎన్ని పాడాలి, ఏ శ్రుతిలో, ఎలా సిద్ధం కావాలి?

ముందు మీరడిగింది క్లుప్తంగా: బరంపురంలో తెలుగు కుటుంబాలు కలిసి తొలిసారి త్యాగరాజ ఆరాధన చేయాలనుకుంటున్నాయి. పాడేవాళ్లు 22 మంది. 14 మంది ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు, అయిదుగురు పిల్లలు. ఒక్కొక్కరు ఒక్కో గురువు దగ్గర నేర్చుకున్నారు, కొందరిది యూట్యూబ్ విద్య. పిల్లలది ఒడియా మీడియం, తెలుగు చదవలేరు. ఒక వయొలిన్, ఒక మృదంగం, ఒక వీణ, ఇంట్లో హార్మోనియం ఉన్నాయి. చేతిలో నాలుగు నెలలు. అయిదు పంచరత్నాలూ పాడాలని ఉంది. మధ్యలో వాగ్గేయకారుల గురించి చెప్పాలి, ఒడిశా వాళ్లకూ చోటివ్వాలి.

పంచరత్నాలంటే త్యాగరాజస్వామి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్న అయిదు రాగాల్లో చేసిన అయిదు పెద్ద కృతులు. అయిదూ వద్దు, రెండు చాలు. ఆరభిలో ‘సాధించెనే’, శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. నాటను వయొలిన్ మీద ఒంటరిగా వాయించమనండి. గౌళ, వరాళి వచ్చే ఏటికి ఉంచండి. ఎందుకో కింద చెబుతాను. అంతకంటే ముందు తేదీ సంగతి చూడాలి, ఎందుకంటే హాలు బుక్ చేసేది మీరే.

ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. 1847 జనవరి 6న తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి అది. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజిలో, అంటే వాళ్ల పంచాంగంలో, పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షానికి ఇద్దరికీ ఒకే పేరు. కృష్ణపక్షానికి వచ్చేసరికి వాళ్లు మనకంటే ఒక నెల ముందుంటారు. మన పుష్య బహుళ పంచమి వాళ్లకు మాఘ కృష్ణ పంచమి. మీరు హాలు వాళ్లకో, పూజకు పిలిచిన ఒడియా పురోహితుడికో ‘పుష్య కృష్ణ పంచమి’ అని చెబితే ఆయన పంజి తీసి సరిగ్గా నెల ముందు తేదీ రాసుకుంటాడు. 2026లో ఆరాధన జనవరి 7న వచ్చింది. ఒడియా లెక్కన పౌష కృష్ణ పంచమి అంతకు ముందు డిసెంబరు రెండో వారంలోనే అయిపోయింది. కాబట్టి తిథి పేరు చెప్పకండి, ఇంగ్లీషు తేదీ చెప్పండి. కరపత్రం ఒడియాలో కూడా వేస్తుంటే అందులోనూ తేదీయే ప్రధానంగా ఉండాలి.

ఇక రెండే ఎందుకంటే. పంచరత్నాలు అయిదూ ఆదితాళమే. తాళంలో తేడా లేదు గనక అన్నీ ఒకే కష్టం అనుకుంటారు. కాదు. గౌళలో రిషభం మామూలు శుద్ధ రిషభం కంటే ఇంకా కిందికి, షడ్జానికి ఆనుకుని కదులుతుంది. ఏకశ్రుతి రిషభం అంటారు. వరాళిలో మధ్యమం అందుకు ఎదురు, ప్రతిమధ్యమం కన్నా పైకి, పంచమాన్ని తాకుతున్నట్టు ఉంటుంది. ఒక్కరు పాడితే ఈ స్వరాలు నిలుస్తాయి. 22 మంది, అదీ వేర్వేరు బాణీల వాళ్లు పాడితే ఒకరి రిషభం ఇంకొకరి రిషభం మీద పడి చెవికి గరగరమంటుంది. దానికి హార్మోనియం తోడైతే అసలుకే ఎసరు. హార్మోనియం మెట్లు సమంగా కోసిన మెట్లు, ఈ రెండు స్వరాలూ వాటి మధ్య సందుల్లో ఉంటాయి. పిల్లలు హార్మోనియం విని నేర్చుకుంటే ఆ తప్పు స్వరమే చెవిలో గట్టిపడుతుంది, తర్వాత తీయడం బ్రహ్మతరం కాదు. సాధనలో హార్మోనియం పూర్తిగా మూసేయండి. శ్రుతి పెట్టె గానీ, ఫోనులో తంబురా యాప్ గానీ చాలు, దాన్ని చిన్న స్పీకరుకు కలపండి.

నాటకు వేరే ఇబ్బంది. ‘జగదానంద కారక’ పూర్తిగా సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. చరణాలు ఎక్కువ, సమాసాలు పొడుగు, వేగంగా దొర్లాలి. సగం చరణాలు పాడి ఆపేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా ముక్క పాడటం కన్నా మానేయడం నయం. వయొలిన్ మీద పూర్తిగా వస్తే రాగక్రమం నాటతో మొదలైందన్న తృప్తీ ఉంటుంది.

ఆరభి 29వ మేళం (మూలరాగం) ధీరశంకరాభరణ జన్యం, అంటే అందులోంచి పుట్టినది. ఎక్కేటప్పుడు స రి మ ప ధ స, దిగేటప్పుడు స ని ధ ప మ గ రి స. ఇందులో గ, ని రెండూ బలహీన స్వరాలు, తాకి వదిలేయాలి. దిగుతూ గాంధారం మీద కూర్చుని ఊపితే అది దేవగాంధారి వైపు జారుతుంది. రెండు రాగాల స్వరాలూ ఒకటే, నడకే తేడా. సినిమా పాటలు పాడి అలవాటున్నవాళ్లు ఈ తప్పు తరచుగా చేస్తారు, ప్రతి దిగుడు స్వరం మీదా గమకం వేస్తారు. ‘మ గ రి’ని ఒకే ఊపిరిలో, సూటిగా, పదిసార్లు పాడించండి. కుదురుతుంది.

శ్రీరాగం 22వ మేళం ఖరహరప్రియ జన్యం. స రి మ ప ని స ఎక్కడం, స ని ప ధ ని ప మ రి గ రి స దిగడం. గాంధారం ‘రి గ రి’ అన్న మడతలోనే రావాలి, ‘మ గ రి’ అని సూటిగా దిగితే రాగం పోయినట్టే. ఆరభి నేర్చిన వెంటనే శ్రీ మొదలుపెడితే ఆ ‘మ గ రి’ అలవాటు ఇక్కడికి వచ్చి కూర్చుంటుంది. అందుకే సభలో వరస ఏదైనా, నేర్పేటప్పుడు శ్రీ ముందు, ఆరభి తర్వాత.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ ఊళ్లో వేణువు వాయించే ఒడియా కళాకారుణ్ణి గానీ, హిందుస్తానీ నేర్చినవాళ్లను గానీ సాయం అడిగి ‘రాగం శ్రీ’ అని చెప్పకండి. హిందుస్తానీ శ్రీ పూర్వీ థాట్‌కు (మన మేళం లాంటిది) చెందినది. అందులో రిషభం కోమలం, మధ్యమం తీవ్రం. ఆయన తన శ్రీ సిద్ధం చేసుకుని వస్తాడు, తప్పు ఆయనది కాదు. స్వరాలు కాగితం మీద రాసివ్వండి, ‘కాఫీ స్వరాలు, ఆరోహణలో గ, ధ లేవు’ అనండి. వెంటనే అందుకుంటారు.

పాఠం, అంటే గురువు నేర్పిన తీరు, దాని సంగతికి వద్దాం. త్యాగరాజ శిష్యులు మూడు పాయలుగా ప్రసిద్ధి: వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం. ఇవి కాక స్వామికి బంధువూ శిష్యుడూ అయిన మానంబుచావడి వెంకటసుబ్బయ్య దారి ఒకటి ఉంది. మహావైద్యనాథ అయ్యర్, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ ఆ దారివాళ్లే. మన తెలుగునేలకు త్యాగరాజ పాఠం ఎక్కువగా వచ్చింది కూడా వెంకటసుబ్బయ్య ద్వారానే. ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, శాస్త్రిగారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. త్యాగరాజు నుంచి బాలమురళి అయిదో తరం అని చెప్పుకునేది ఈ లెక్కనే. ఇదంతా ఎందుకంటే, మీ 22 మందిలో మద్రాసు పాఠం వచ్చినవాళ్లూ, కోస్తా పాఠం వచ్చినవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఎవరిది తప్పన్న చర్చకు దిగితే నాలుగు నెలలూ దానికే చాలవు. ఎవరో ఒకరి పాఠం, ఒకే రికార్డింగు, ఒకే కాగితం. పెద్దావిడ పాఠం వేరైతే ఆవిడ ఇంట్లో అలాగే పాడుకోవచ్చు, గోష్ఠిలో, అంటే అందరూ కలిసి పాడేటప్పుడు, మాత్రం కాగితమే.

తేడాలు ఎక్కడ వస్తాయో ముందే గుర్తు పెట్టుకోండి. పల్లవి ఎన్నిసార్లు పాడాలి, చరణాల వరస, స్వరం తర్వాత సాహిత్యం ఒకసారా రెండుసార్లా, చరణం అయ్యాక ఎక్కడికి తిరగాలి. ఈ చివరిది ‘సాధించెనే’లో గోష్ఠిని రెండు ముక్కలు చేస్తుంది. అందులో అనుపల్లవి తర్వాత ‘సమయానికి తగు మాటలాడెనే’ అన్న పాదం వస్తుంది, ప్రతి చరణం తర్వాతా దానికే తిరగాలి. అలవాటున సగం మంది పల్లవికి వెళ్లిపోతారు. పైగా చివర ‘ఆడెనే’ అనేవాళ్లు కొందరు, ‘ఆడెను’ అనేవాళ్లు కొందరు. ఏదైనా ఒకటి అనుకుని కాగితం మీద ఆ పాదాన్ని ఎర్ర సిరాతో ప్రతి చరణం కిందా మళ్లీ మళ్లీ రాయించండి. కాగితం దండగ అనుకోకండి.

ఊపిరి ఎక్కడ తీయాలో మాటల అర్థం చెబుతుంది. మనం తెలుగువాళ్లం, ఇదొక్కటీ మనకు ఉచితంగా దొరికే వరం, అయినా దీన్నే పారేసుకుంటాం. ‘సాధించెనే ఓ మనసా’ అన్న పల్లవికి కర్మ లేదు. ఏం సాధించాడు? అది అనుపల్లవిలో ఉంది: ‘బోధించిన సన్మార్గ వచనముల బొంకు జేసి తా బట్టిన పట్టు’. తాను బోధించిన మంచిమాటల్నే అబద్ధం చేసి, తాను పట్టిన పట్టు సాధించాడట. దేవుడికే వేసిన చురక. కాబట్టి ‘పట్టు’ దగ్గర ఊపిరి తీసి, తీరిగ్గా పల్లవి ఎత్తుకుంటే చురక చచ్చిపోతుంది. ఊపిరి ‘బొంకు జేసి’ తర్వాత తీయండి, ‘తా బట్టిన పట్టు సాధించెనే’ ఒక్క బిగువున రావాలి.

శ్రీరాగంలో ఇలాంటిదే సంధి. అనుపల్లవి ‘బ్రహ్మానందమనుభవించువారు’తో పల్లవిలోని ‘ఎందరో’ కలిసి ‘అనుభవించువారెందరో మహానుభావులు’ అవుతుంది. ‘వారు’ అని ఆగి ‘ఎందరో’ అంటే సంధి తెగి వాక్యం రెండయిపోతుంది. 22 మందీ ఒకేచోట ఊపిరి తీస్తే గోష్ఠిలో గుంట పడుతుంది కూడా. ఎడమవైపు వాళ్లు ‘హృదయారవిందమున జూచి’ తర్వాత, కుడివైపు వాళ్లు అంతకుముందు ‘అందచందమును’ తర్వాత తీసుకుంటే ఎవరికీ తెలియదు. వచ్చే ఏడు గౌళ ఎత్తుకున్నప్పుడు గుర్తుంటుందని ఇప్పుడే చెబుతున్నా: ‘దుడుకుగల నన్నే దొర కొడుకు బ్రోచురా’లో ‘నన్నే’ అంటే నన్ను మాత్రమే అని కాదు. నన్ను, ఏ దొరకొడుకు బ్రోచురా అని. పల్లవి చివరి ‘ఎంతో’ కూడా మొదటికి తిరిగి ‘ఎంతో దుడుకుగల’ అని అతుక్కోవాలి.

ఇప్పుడు పిల్లలు. ఇంట్లో శుభ్రంగా తెలుగు మాట్లాడే పిల్లలే, ఒడియా లిపిలో రాసిన కాగితం చేతికిచ్చిన మరుక్షణం నాలుక ఒడియా దారి పడుతుంది. ఒడియాలో ‘అ’ పెదవులు గుండ్రంగా చేసి పలుకుతారు, ‘మనసా’ కాస్తా ‘మొనొసా’ అవుతుంది. ‘వ’ పలుకుబడిలో ‘బ’ అవుతుంది, ‘వందనములు’ ‘బొందొనొములు’. ‘క్ష’ వాళ్ల నోట దాదాపు ‘ఖ్య’. హ్రస్వ దీర్ఘాల మధ్య ఇ, ఈ తేడా పలుకులో ఉండదు. అన్నిటికంటే చిక్కు ఎ, ఏ, అలాగే ఒ, ఓ. ఒడియా లిపిలో రెండిటికీ ఒకటే అక్షరం. ‘ఎందరో’ రాస్తే ‘ఏందరో’ అని చదువుతారు, అదే దీర్ఘం తాళంలో కూడా సాగి పల్లవి ఎత్తుగడ జారిపోతుంది.

దీనికి మందు రెండు రకాలు. మొదటి రెండు వారాలూ పిల్లలకు కాగితమే ఇవ్వొద్దు. వల్లె వేయించండి, తిరగలి తిప్పినట్టు. నోటికి వచ్చాక కాగితం ఇస్తే అది జ్ఞాపకానికి ఆసరా మాత్రమే అవుతుంది, దారి తప్పించదు. రెండోది, రాసేటప్పుడు గుర్తులు పెట్టడం. హ్రస్వ ఎ, ఒ మీద చుక్క. దీర్ఘాల కింద గీత. ఒడియాలో ‘య’ లాంటి అక్షరాలు రెండున్నాయి, ఒకటి ‘జ’ అని పలుకుతుంది, రెండోది అచ్చంగా ‘య’. రెండోదే వాడండి. ‘వ’కు కూడా వేరే అక్షరం ఉంది గానీ వాడుక తక్కువ, పిల్లలు తడబడతారు. కాబట్టి మామూలు ‘బ’ రాసి పైన నక్షత్రం పెట్టి, నక్షత్రం అంటే పై పళ్లు కింది పెదవికి ఆనాలి అని చెప్పండి. రెండు రోజుల్లో పడుతుంది.

పెద్దలకు కూడా ఒక మాట. తమిళ గాయకుల రికార్డింగులు విని నేర్చుకున్నవాళ్లు అచ్చతెలుగు మాటల్లో చ, జ లను అంగిలికి ఆనించి పలుకుతారు. ‘హృదయారవిందమున జూచి’లో ‘జూ’ మనం రోజూ పలికే దంత్య జకారమే. స్వామి తమిళదేశంలో పుట్టినా ఇంటిపేరు కాకర్ల, ఇంటి భాష మన భాష.

శ్రుతి, అంటే పాటకు ఆధారమయ్యే షడ్జం ఎంత ఎత్తున ఉండాలన్నది; అంకె పెరిగేకొద్దీ పైకి వెళుతుంది. ఆడవాళ్లకు సాధారణంగా 5, 5½ శ్రుతులు హాయి, మగవాళ్లకు 1, 1½. మధ్యేమార్గమని 3 పెడతారు, ఇద్దరికీ సుఖం లేకుండా పోతుంది. ఆడవాళ్లకు మంద్రం (కింది స్థాయి) వినిపించదు, మగవాళ్లకు తారస్థాయి (పై స్థాయి) అందదు. మీ లెక్కలో 22కి 19 మంది ఆడవాళ్లూ పిల్లలే. 4½ పెట్టుకోండి. ముగ్గురు మగవాళ్లూ తారస్థాయి సంచారాల్లో ఒక స్థాయి కిందికి దిగి పాడితే వినడానికి నిండుగా ఉంటుంది. నిర్ణయించే పద్ధతి ఇది: ఎవరి గొంతు బాగుందో వాళ్లతో చూడకండి. రెండు కృతుల్లో అన్నిటికంటే పైకి వెళ్లే పాదం ఒకటి తీసి, గోష్ఠిలో అందరికన్నా పీలగొంతు వాళ్లచేత వరుసగా మూడుసార్లు పాడించండి. మూడోసారి కూడా అరుపు రాకపోతే అదే మీ శ్రుతి. రెండో వారంలో తేల్చేసి, ఆ తర్వాత మార్చొద్దు.

మార్చొద్దని ఎందుకంటున్నానంటే వయొలిన్ వాళ్ల కష్టం. శ్రుతిని బట్టి తంత్రులు ఎంచుకుంటారు. చివరి రోజు ‘ఒక అర పెంచండి’ అంటే తంత్రి తెగుతుంది, లేదా సాగుతూ కచేరీ అంతా దిగిపోతూ ఉంటుంది. కొత్తగా బిగించిన తంత్రి కుదురుకోవడానికి కనీసం అరగంట కావాలి. మీ సొంత వయొలిన్ విద్యార్థికి ధైర్యం చాలకపోతే విజయనగరం నుంచి ఒకరిని పిలవండి. మెయిన్ లైన్ మీద రైలు ఎక్కితే దిగేది నేరుగా బరంపురంలోనే. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాల వయొలిన్‌కు పెట్టింది పేరు. కళాశాల తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని ఆచార్యుడిగానే తీసుకున్నారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యారు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే, గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సభలో ‘మన వైపు సంగీతం’ అని చెప్పుకోవడానికి ఇంత ఉండగా తంజావూరు దాటి రాని ఉపన్యాసాలు ఎందుకో తెలియదు.

వీణను గోష్ఠిలో కలపకండి. వీణ సాధారణంగా 3 శ్రుతికి అటూఇటూ కట్టుకుంటారు, 4½కు లాగితే తంత్రి నిలవదు. వీణావిడకు విడిగా పది నిమిషాలు ఇవ్వండి, ఒక కృతి. బొబ్బిలి వీణ అయితే ఒకే పనసదుంగతో చేసింది కనుక అతుకులు విడిపోతాయన్న భయం తక్కువ. కానీ 24 మెట్లూ నిలబడేది మైనం మీదే. ఎండలో కారు డిక్కీలో పెట్టి తెస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. కదిలిన మెట్టును చేత్తో నొక్కి సరిచేద్దామని చూడొద్దు, పక్క మెట్టు కూడా పోతుంది. మేళం కట్టేవాళ్లు, అంటే వీణకు మెట్లు అమర్చేవాళ్లు, మీకు దగ్గర్లో దొరకడం కష్టం. ముందురోజు సాయంత్రమే హాలుకు తెచ్చి నీడన ఉంచండి.

మృదంగానికి జనవరి చలి. బరంపురం సముద్రానికి దగ్గర కాబట్టి తెల్లవారుజామున మంచుకు తోలు చెమ్మపట్టి శ్రుతి దిగుతుంది, ఎండ ఎక్కాక బిగుసుకుని పెరుగుతుంది.  పొద్దున 7కి శ్రుతి చేసి 9కి పాడితే రెండూ కలవవు. పాటకు పావుగంట ముందు మళ్లీ చూసుకోవాలి. ఎడమవైపు తొప్పికి పెట్టే రవ్వముద్ద పొడిగాలికి తొందరగా ఎండి ఊడుతుంది, కాస్త తడిబట్ట దగ్గర ఉంచుకోమనండి. మృదంగం దొరక్కపోతే ఒడిస్సీ సంగీతంలోని మద్దెల, మర్దల, వాయించేవాళ్లు మీ ఊళ్లో తప్పక దొరుకుతారు. ఎనిమిది దెబ్బల ఆవృత్తం వాళ్లకు కొత్త కాదు. కాని కనీసం నాలుగు సాధనలకు రప్పించండి, చరణాలు ఎక్కడ ముగుస్తాయో తెలియాలి. తీర్మానాలు (ముగింపు జతులు) అడగొద్దు, నడక పట్టమంటే చాలు.

సాధన ఇలా పెట్టుకోండి. వారానికి రెండు రోజులు, రోజుకు 75 నిమిషాలు, 16 వారాలు. శ్రీరాగం వారానికి రెండు చరణాల చొప్పున ఏడో వారానికి పూర్తవుతుంది, ఆరభి పదమూడో వారానికి. స్వరం ముందు, సాహిత్యం తర్వాత. స్వరంలో తప్పిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లను నోరు మూసుకుని తాళం వేయమనండి, సాహిత్యం దగ్గర కలవమనండి. ఇది శిక్ష కాదు, గోష్ఠికి గట్టి వెన్నెముక తాళం వేసేవాళ్లే. కాలం నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి సభ రోజుకు 72 దాటకుండా చూడండి. గోష్ఠి ఎప్పుడూ పరుగెడుతుంది, ముఖ్యంగా మూడో చరణం తర్వాత. ఫోనులో మెట్రోనోమ్ పెట్టి పల్లవి కాలం, చివరి చరణం కాలం కొలిస్తే నిజం తెలుస్తుంది. చివరి మూడు వారాలూ ఆపకుండా మొత్తం పాడటమే, తప్పులు తర్వాత చెప్పుకోవాలి.

కూర్చోవడం రెండు వరసలు ఎదురెదురుగా. పటం ఒక కొసన, వయొలిన్, మృదంగం పటానికి దగ్గరగా. ఎదుటివాళ్ల చెయ్యి కనిపిస్తే తాళం తప్పదు. తంబురా స్పీకరు వరసల మధ్య నేలమీద ఉండాలి. మైకువాడు దాన్ని పెద్ద స్పీకర్లకు కలిపి చేతులు దులుపుకుంటాడు, పాడేవాళ్లకు ఒక్క ముక్క వినిపించదు.

మాటల భాగం గురించి. వ్యాఖ్యాతకు ఒక్కో వాగ్గేయకారుడికి రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి, ఈ పొరపాట్లు మాత్రం రానివ్వకండి. స్వామి 24,000 కృతులు రాశారని చెబుతారు. ఇప్పుడు దొరుకుతున్నవి 700 దాకా. గోష్ఠిగానం ఆయన కాలం నుంచి ఉందన్నట్టు మాట్లాడతారు. అది ఇరవయ్యో శతాబ్దపు ఏర్పాటు. శిథిలమైన స్వామి సమాధికి మందిరం కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952), తన సొమ్ముతో. ఆ రోజుల్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఆమె ఆడవాళ్ల బృందాన్ని విడిగా నడిపి, చివరికి 1940ల మొదట్లో అన్ని పక్షాలూ కలిసే దాకా పట్టు వదల్లేదు. మీ గోష్ఠిలో 14 మంది ఆడవాళ్లు కూర్చోబోతున్నారు, ఆవిడ పేరు చెప్పకుండా మొదలుపెట్టకండి. ‘ఎందరో మహానుభావులు’ కేరళ నుంచి వచ్చిన షట్కాల గోవింద మారార్ పాట విని అప్పటికప్పుడు పాడారన్న కథ వ్యాఖ్యాతలకు మహా ఇష్టం. ‘అని చెప్పుకుంటారు’ అన్న రెండు మాటలు కలిపితే పరవాలేదు. శ్యామశాస్త్రి (1762-1827), ముత్తుస్వామి దీక్షితులు (1775-1835), త్యాగరాజు (1767-1847) ముగ్గురూ పుట్టింది తిరువారూరులోనే, ఇది కథ కాదు. శ్యామశాస్త్రి స్వరజతులు మూడూ తెలుగే అని చెబితే మీ ఒడియా అతిథులు ఆశ్చర్యపోతారు.

ఒడిశా వాళ్లకు చోటు విషయంలో దూరం వెళ్లక్కర్లేదు. స్వామి తిరువయ్యారులో పాడుతున్న రోజుల్లోనే మీ చుట్టుపక్కల ఇద్దరు రాస్తున్నారు. పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్నాయక్ (1784-1862), గంజాంలో కవిసూర్య బలదేవ రథ్ (1789-1845). రథ్‌గారి ‘కిశోర చంద్రానన చంపు’లో 34 పాటలు. ఒక్కో పాట ఒక్కో హల్లుతో, ‘క’ నుంచి ‘క్ష’ దాకా. ఆ పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. చిన్నపిల్లలు కూడా పట్టుకోగల సరదా అది, సభలో చెబితే చెవులు రిక్కిస్తారు. అప్పటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఈ ఊళ్లకూ తంజావూరుకూ ఏలుబడి ఒక్కటే. ఈ పాటలు మీరు పాడబోకండి. ఒడిస్సీ గాత్రం నేర్చినవాళ్లను పిలిచి, వాళ్ల మర్దల, వాళ్ల హార్మోనియంతో, వాళ్ల శ్రుతిలో పాడించండి. మన గోష్ఠికీ వాళ్ల పాటకూ మధ్య పది నిమిషాలు వ్యాఖ్యానం పెడితే శ్రుతి మార్పు చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. వాళ్లను చివర పెట్టకండి, అప్పటికి జనం ప్రసాదం దగ్గర ఉంటారు. పంచరత్నాలకు ముందే పెట్టండి.

మొదట పాడటానికి ‘శ్రీ గణపతిని’, చివర మంగళానికి ‘నీ నామ రూపములకు’ తీసుకోండి. రెండూ స్వామి ‘ప్రహ్లాద భక్తి విజయం’లోవే, రెండూ సౌరాష్ట్ర రాగమే, కాబట్టి ఒకటి కుదిరితే రెండోదానికి సగం పని అయిపోయినట్టే. పద్నాలుగో వారంలో ఎత్తుకోండి. మంగళం అయ్యేదాకా తంబురా ఆపొద్దని మైకువాడికి ముందే చెప్పి ఉంచండి, హారతి గంట వినగానే స్విచ్ కట్టేస్తారు.